సద్దుల నాడు మొదటి పాట ఎవరిది? బతుకమ్మ ఉత్సవ కమిటీలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కాలనీ, అపార్ట్‌మెంట్, గ్రామ బతుకమ్మ ఉత్సవ కమిటీల సభ్యులకు,

నమస్కారాలు.

నేను హన్మకొండలో ఇరవై ఆరేళ్లుగా కాపురం ఉంటున్నాను. పుట్టి పెరిగింది పరకాల దగ్గరి ఒక పల్లెలో. మా ఇంట్లో ఇప్పుడు మూడు తరాల ఆడవాళ్లం ఉన్నాం. మా అత్తమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు, మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, నడుమ నేను. మేం ముగ్గురం ఒకే పాట కలిసి పాడగలిగే రోజులు ఏడాది మొత్తంలో భాద్రపద అమావాస్య నుంచి ఆశ్వయుజ అష్టమి దాకా వచ్చే బతుకమ్మ తొమ్మిది రోజులే. ఆ తొమ్మిది రోజుల్లో కూడా మాకు ఆ వీలు చిక్కడం లేదు. అందుకే పండుగ ఏర్పాట్లు ఇంకా మొదలుకాక ముందే, చందాలు వసూలై సౌండ్ బాక్సుల వాళ్లకు బయానా ఇవ్వక ముందే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

కిందటేడు చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు మా కాలనీ మైదానంలో జరిగింది ముందు చెబుతాను. అత్తమ్మ ఆ రోజు చీకటితోనే లేచి గునుగు పూలకు రంగులద్ది ఆరబెట్టింది. సిబ్బిలో తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు వరుసలుగా పేర్చి, గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మను నిలిపేసరికి పొద్దు వాలింది. మేం బతుకమ్మను ఎత్తుకుని మైదానానికి వెళ్లేసరికి రెండు మూలల్లో మనిషెత్తు బాక్సులు నిలబెట్టి ఉన్నాయి. బతుకమ్మలను నడుమ దించి అందరం చుట్టూ చేరాం. అత్తమ్మ గొంతు సవరించుకుని గౌరమ్మను తలచుకునే మొదటి పాట ఎత్తుకుంది. రెండో చరణం పూర్తికాక ముందే బాక్సుల్లో రీమిక్స్ పాట మొదలైంది. ఆమె పెదవులు కదలడం కనిపిస్తోంది గాని, భుజం తగిలేంత దగ్గరగా ఉన్న నాకే ఆమె పాట వినిపించలేదు. ఐదు నిమిషాలైనా గడవక ముందే వలయం చెదిరిపోయింది. అమ్మాయిలు బాక్సుల ముందుకు చేరారు. పెద్దవాళ్లను మీ వంటి కమిటీ సభ్యులే ఎంతో మర్యాదగా చేయి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీల్లో కూర్చోబెట్టారు. నా ఈడు వాళ్లం ఎటు పోవాలో తోచక ఫోన్లలో వీడియోలు తీస్తూ నిలబడ్డాం. ఇంటికి వచ్చాక అత్తమ్మ ఎవరినీ తప్పుపట్టలేదు. "వచ్చే ఏడు నేను మైదానానికి రానమ్మా, ఇంటి ముందటనే ఆడుకుంట" అని మాత్రం అన్నది.

ఈ లేఖలో పిల్లల మీద గాని, కొత్త పాటల మీద గాని నాకు ఫిర్యాదు లేదని మీరు మొదటే గ్రహించాలని కోరుతున్నాను. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినప్పటి నుంచి టీవీ ఛానళ్లు, యూట్యూబ్ ఛానళ్లు పోటీపడి ఏటా కొత్త పాటలు చేయిస్తున్నాయి. 2021లో ఏ.ఆర్. రెహమాన్ కూడా ఒక బతుకమ్మ పాటకు స్వరాలు కూర్చారు. వాటిలో మంచి పాటలు చాలా ఉన్నాయి. మా అమ్మాయికి బతుకమ్మ మీద ఇష్టం కలిగింది ఆ పాటలు వినే. వంట చేసుకుంటూ నేనూ వింటాను. అయితే ఇంట్లో వినే పాటకు, వలయంలో ఆడే పాటకు ఉన్న తేడాను పండుగ ఏర్పాట్లు చేసే మనం మరిచిపోతున్నాం.

బతుకమ్మ పాట కట్టుబడిని ఒకసారి గమనించండి. ఒకరు పాట చెబుతారు, తక్కినవారు అందుకుంటారు. ప్రతి చిన్న ముక్క చివరా ఉయ్యాలో అనో, చందమామ అనో, కోల్ అనో ఒక మాట తిరిగి తిరిగి వస్తుంది. చెప్పే ఆమెకు కథంతా రావాలి గాని, అందుకునేవారికి ఆ ఒక్క మాట వస్తే చాలు. అందువల్ల నాలుగేళ్ల పిల్ల కూడా తొలిరోజే పాటలో కలిసిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ చరణాలు ఒక్కొక్కటిగా ఆమె నోటికి వస్తాయి, ఏదో ఒక ఏడు పాట చెప్పే వంతు ఆమెదే అవుతుంది. వరుస కొద్దిపాటి స్వరాల నడుమనే తిరుగుతుంది కనుక గొంతు సన్నగిల్లిన ముసలమ్మకూ, ఇంకా గొంతు విప్పని పిల్లకూ అది అందుతుంది. శ్రుతిని నిర్ణయించేది ఏ వాద్యమూ కాదు, పాట చెప్పే ఆమె గొంతే. ఆమె అలసిపోతే శ్రుతి దిగుతుంది, అందరి గొంతులూ దానితో పాటే దిగుతాయి. అడుగు సంగతీ అంతే. వంగి లేస్తూ, చప్పట్లు చరుస్తూ తిరిగే ఆ వలయంలో మోకాళ్ల నొప్పులున్న ఆమె ఎంత వేగంగా కదలగలదో అందరూ అంతే వేగంగా కదులుతారు. ముందున్న ఆమెను తోసుకుని ముందుకు పోయే వీలు ఆ ఆటలోనే లేదు.

బాక్సుల్లో వచ్చే పాట ఈ ఏర్పాటునంతా తలకిందులు చేస్తుంది. శిక్షణ పొందిన గాయని స్టూడియోలో హెచ్చు శ్రుతిలో పాడిన పాటను మా వంటి వాళ్ల గొంతులు అందుకోలేవు. దాని కింద వేసిన బీటు ఇరవై ఏళ్ల కాళ్లకు హుషారునిస్తుంది, అరవై దాటిన కాళ్లను ఆపేస్తుంది. నాలుగైదు నిమిషాల్లో ముగియవలసిన పాటలో ధర్మాంగదుడి కథ పట్టదు. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న ఆ రాజూ, అతని భార్య సత్యవతీ తపస్సు చేసి లక్ష్మీదేవినే బిడ్డగా పొందడం, ఆ బిడ్డ కలకాలం బతకాలని బతుకమ్మ అని పేరు పెట్టడం అత్తమ్మ చెబితే అరగంట సాగుతుంది. ఈ నష్టాలన్నింటినీ మించిన నష్టం మరొకటి ఉంది. ఆ పాటకు మా గొంతు అక్కరలేదు. మేం నోరు మూసుకున్నా అది ఆగదు. పాడేవారితో పని లేనప్పుడు పాట తెలిసినవారితోనూ పని ఉండదు. ఇక నానమ్మను అడిగి నేర్చుకోవలసింది మనవరాలికి ఏముంటుంది? పాటల విషయంలో తరాల మధ్య ఎడానికి అభిరుచుల తేడాయే కారణమని చాలామంది అంటారు, మా మైదానంలో నేను చూసింది అది కాదు. రీమిక్స్ నచ్చక అత్తమ్మ కుర్చీలోకి వెళ్లలేదు. ఆమె గొంతుకు అక్కడ చోటు లేక వెళ్లింది.

ఆ రాత్రి మా అమ్మాయితో కొంచెం కటువుగానే మాట్లాడాను. నానమ్మ పాడుతుంటే వదిలేసి ఎట్లా పోయావని అడిగాను. "ఆ పాటలు నాకు రావమ్మా. నువ్వు నేర్పలేదు. నీకైనా వచ్చా?" అని తిరిగి అడిగింది. నాకు రావు. ఉయ్యాలో అని అందుకోవడం తప్ప, పది చరణాలు వరుసగా చెప్పగల పాట ఒక్కటి కూడా నాకు రాదు. నేను ఏడో తరగతి నుంచి హాస్టల్లో ఉండి చదువుకున్నాను. పెళ్లయి పట్నానికి వచ్చాక, క్యాసెట్లు దొరుకుతున్నాయి కదా అని బతుకమ్మ పక్కన టేపు రికార్డరు పెట్టుకున్నది మా తరమే. ఆ తరువాత సీడీ ప్లేయరు పెట్టాం, ఇప్పుడు బాక్సులు పెడుతున్నాం. బాక్సులకు డబ్బు చెల్లించేది పిల్లలు కాదు. పాతపాట తెలిసిన తరానికీ, కొత్తపాట కోరే తరానికీ నడుమ ఏ పాటా నేర్చుకోని తరం ఒకటి ఉంది. కమిటీల్లో ఉన్న మీరూ, ఈ లేఖ రాస్తున్న నేనూ ఎక్కువగా ఆ తరం వాళ్లమే. ఈ బాధ్యతను ముందుగా నా మీద వేసుకుని మాట్లాడుతున్నాను.

బతుకమ్మకు ముందు వచ్చే బొడ్డెమ్మ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పెళ్లికాని పిల్లలం పుట్టమన్ను తెచ్చి బొడ్డెమ్మను చేసి, వాకిట్లో తొమ్మిది రోజులు ఆడేవాళ్లం. పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని, మేం తప్పు పాడితే అక్కడి నుంచే దిద్దేవారు. అసలు పండుగ వచ్చేనాటికి పిల్లల నోటికి పాటలు ఎక్కి ఉండేవి. పట్నాల్లో బొడ్డెమ్మ దాదాపు కనుమరుగైంది. సాధన చేసే రోజులు పోయి, ప్రదర్శన చేసే రోజు ఒక్కటే మిగిలినప్పుడు రికార్డు పాట అవసరమైనట్టు కనిపించడంలో వింత లేదు.

మొన్నటి సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో ఒక చిన్న ప్రయత్నం మొదలుపెట్టాం. రాత్రి అన్నాలయ్యాక అత్తమ్మ పాట చెబుతుంది, మా అమ్మాయి ఫోనులో రికార్డు చేసి మరునాడు నోటుపుస్తకంలో ఎక్కిస్తుంది. ఇప్పటికి పదిహేడు పాటలయ్యాయి. వాటిలో ఒకటి కలవారింటి కోడలి కథ. పుట్టింటికి తీసుకుపోవడానికి అన్న వస్తాడు. ఆమె అత్తను అడిగితే మామను అడగమంటారు, మామ బావను అడగమంటాడు, అట్లా ఇంటిల్లిపాదినీ అడుగుతూ పాట సాగుతుంది. మా అమ్మాయి రాయడం ఆపి, "పుట్టింటికి పోవడానికి ఇంతమందిని ఎందుకు అడగాలి నానమ్మా?" అని నిలదీసింది. అత్తమ్మ కాసేపు ఊరుకుని, తన సంగతి చెప్పింది. పద్నాలుగేళ్లకు పెళ్లయి వచ్చిన మొదటి ఏడు, పండుగకు తీసుకుపోవడానికి వాళ్ల అన్న వచ్చాడట. కోతల రోజులని ఇంట్లో పంపలేదట. అన్న వట్టి చేతులతో తిరిగిపోతుంటే గోడ చాటు నుంచి చూసిందట. ఆ సాయంత్రం వలయంలో ఇదే పాట అందుకుంటూ ఏడ్చిందట, పాటలో ఏడ్చింది కనుక ఎవరూ ఏమీ అనలేదట. ఇరవై ఆరేళ్లుగా ఆమె కోడలిగా ఉన్న నాకు ఈ సంగతి తెలియదు. పాట తెరుచుకోబట్టి ఆ మాట బయటికి వచ్చింది. మరునాడు మా అమ్మాయి ఆ పాటకు తానే నాలుగు చరణాలు కట్టి తెచ్చింది, అందులో కోడలు ఎవరినీ అడగకుండా బస్సెక్కి పుట్టింటికి పోతుంది. అత్తమ్మ ఒప్పుకోదేమోనని నేను భయపడ్డాను. ఆమె రెండుసార్లు పాడించుకుని విని, "మూడో దాంట్ల మాట తక్కువ పడ్డది, ఇంకొకటి చేర్చు, అప్పుడు చప్పట్ల మీదికి వస్తది" అని దిద్దింది.

పాతకాలంలో అంతా సవ్యంగా ఉండేదని, అందరూ ఒక్క వలయంలో ఆడేవారని నేను అనడం లేదు, అలా అంటే అది నిజం కాదు. చాలా ఊళ్లలో వాడకొక బతుకమ్మ, కులానికొక వలయం ఉండేవి. కొన్ని చోట్ల ఇప్పటికీ ఉన్నాయి. భర్త పోయిన ఆడవాళ్లను వలయానికి దూరంగా ఉంచే అలవాటు కూడా ఉంది. మా ఊళ్లో అందరికన్నా ఎక్కువ పాటలు తెలిసినది మా మేనత్త. ఇరవై ఏడేళ్లకే భర్త పోయిన ఆమె ఏనాడూ వలయంలో అడుగుపెట్టలేదు. గుడి గోడ వారన నిలబడి పాట చెప్పేది, వలయంలోని ఆడవాళ్లు ఆమె పాటకు ఆడేవారు. పాట కావాలి గాని పాడే మనిషి మాత్రం దగ్గరికి రాకూడదన్న ఆ కట్టుబాటును తలుచుకుంటే నాకు నేటికీ మనసు కలుక్కుమంటుంది. ఈ విషయంలో ఇప్పటి పిల్లలు మాకన్నా ఎంతో మేలు. బాక్సుల ముందు ఆడే అమ్మాయిలు పక్కన ఆడుతున్న పిల్లది ఏ వాడ అని అడగరు. పెద్దవాళ్ల దగ్గరున్న పాట, పిల్లల దగ్గరున్న ఈ కలుపుగోలుతనం ఒక్కచోటికి రావాలన్నదే నా కోరిక.

కొత్త మాటలను కాదనే గుణం ఈ పాటకు ఎన్నడూ లేదు. తెలంగాణ రాష్ట్రం కోసం 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె నడుస్తుండగానే ఆ ఏడు బతుకమ్మ వచ్చింది. మా కాలనీ ఆడవాళ్లం నడిరోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడాం. ఉయ్యాల వరుస పాతదే, అందులో రాష్ట్రం మాట, ఉద్యోగాల మాట, నీళ్ల మాట కొత్తవి. కాలేజీ పిల్లలు చరణాలు కట్టారు, ముసలమ్మలు అందుకున్నారు. ఆనాడు ఆ రోడ్డు మీద మా గొంతులే తప్ప బాక్సులు లేవు.

ఇక నా విన్నపాలు. సద్దుల నాడు బతుకమ్మలు మైదానానికి చేరినప్పటి నుంచి నీళ్లలో వదిలేదాకా బాక్సులు ఆపి ఉంచండి. జనం ఎక్కువై గొంతు చాలదనుకుంటే పాట చెప్పే ఆమెకు ఒక చిన్న మైకు ఇవ్వండి, చివరి వరుసకు వినిపించేంత శబ్దం చాలు. ఆ మైకు శబ్దం ఎంత ఉండాలో ఆడుతున్న ఆడవాళ్లు చెప్పాలి. ఇది ఆడవాళ్ల పండుగ అయినా చాలా కాలనీల్లో పాటలను ఎంచేది, శబ్దాన్ని పెంచేది మగవాళ్లే. దయచేసి ఈ ఒక్క పని మాకు వదిలిపెట్టండి. బతుకమ్మలను సాగనంపి, మలీద, సత్తుపిండి పంచుకుని, వాయనాలు ఇచ్చిపుచ్చుకున్నాక పిల్లలు తమకు నచ్చిన పాటలు పెట్టుకుని ఆడుకుంటామంటే వాళ్లను ఎవరూ అడ్డుకోకూడదు. అప్పుడు మేమూ వాళ్లతో కలుస్తాం.

మొదటి రోజు ఎంగిలి పూల బతుకమ్మ నుంచి అయిదో రోజు అట్ల బతుకమ్మ దాకా ఉన్న అయిదు సాయంత్రాలను పాట నేర్చుకోవడానికి వాడుకుందాం. ఆ రోజుల్లో మైదానానికి వచ్చేది కొద్దిమందే కనుక అది సులువు కూడా. కాలనీలో పాటలు తెలిసిన పెద్దవాళ్లు ఎవరెవరున్నారో ముందుగా ఇంటింటికీ వెళ్లి కనుక్కోండి. వాళ్లలో భర్త పోయినవారిని మరింత మర్యాదగా పిలిచి, గోడ వారన కాకుండా వలయం మధ్యకు తీసుకురండి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆనాడు ఎలాగూ ఆడం. నేర్చుకున్న పాటలను మిగిలిన రోజుల్లో పిల్లలు చెబితే పెద్దలు అందుకోవాలి. అందరికన్నా ఎత్తైన బతుకమ్మకు ఏటా మీరిచ్చే బహుమతికి తోడుగా, నానమ్మో అమ్మమ్మో మనవరాలితో కలిసి చెప్పిన పాటకు కూడా ఒక బహుమతి పెట్టండి. ఎత్తు కోసం పూలకు బదులు థర్మకోల్ వాడుతున్న ఈ రోజుల్లో ఆ రెండో బహుమతికే విలువ ఎక్కువని నా నమ్మకం.

చట్టం సంగతి మీకు తెలియనిది కాదు. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000 సంవత్సరం నుంచి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటిపూట 55 డెసిబెళ్లు, రాత్రిపూట 45 డెసిబెళ్లు మించకూడదు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం పరిమితమైన సడలింపు ఇవ్వవచ్చు. 2024 అక్టోబరు ఆరంభంలో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అయితే పోలీసులు వచ్చి ఆపితే ఆగే బాక్సుల వల్ల మాకు ఒరిగేదేమీ లేదు. బాక్సులు ఆగిన తరువాత పాడగలిగే గొంతులు ఉండాలి, లేకపోతే వచ్చే ఏడు మళ్లీ బాక్సులే వస్తాయి. విదేశాల్లోని సంఘాల వారికీ ఇదే మనవి. డాలస్‌లో ఉంటున్న మా చెల్లెలు బిడ్డ చెప్పింది, అక్కడ బడి హాలు ఒకటి అద్దెకు తీసుకుని, ల్యాప్‌టాప్‌లో పాటల వరుస పెట్టి ఆడతారట. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండివద్దామని ఊళ్ల నుంచి వచ్చిన అమ్మలు ఆ హాల్లో కూడా కుర్చీల్లోనే కూర్చుంటున్నారట. ఆ అమ్మల్లో ఒక్కరి చేతికైనా మైకు ఇచ్చి చూడమని వారిని వేడుకుంటున్నాను.

ఈసారి ఎంగిలి పూల నాడు అత్తమ్మను వేయిస్తంభాల గుడి దగ్గరికి తీసుకుపోతాం. అక్కడి జనంలో ఒక మూలన తన బతుకమ్మ పెట్టుకుని పాడుకోవడానికి ఆమె ఒప్పుకుంది. మా అమ్మాయి తాను కట్టిన నాలుగు చరణాలను అక్కడ చెబుతానంటోంది. సద్దుల నాడు కాలనీ మైదానానికి మాత్రం అత్తమ్మ ఇంకా సరే అనలేదు. మొదటి పాట పూర్తయ్యేదాకా బాక్సులు మోగవని కమిటీ వారు ఇంటికి వచ్చి ఒక్క మాట చెబితే వస్తానంటోంది. అమావాస్యకు ముందే మీరు వచ్చి ఆ మాట చెప్పాలని కోరుతున్నాను. ఇలా అలిగి ఇంటి ముందటే ఆడుకుంటున్న పెద్దవాళ్లు మీ కాలనీలో ఎవరున్నారో కనుక్కుని, వాళ్ల ఇళ్లకు కూడా వెళ్లి రండి.

ఇట్లు,
హన్మకొండ నుంచి ఒక ఆడబిడ్డ